పాత బంగారం – తెలియని లెక్క



మా ఇంటికి బ్యాంకు పాసుపుస్తకం రాకముందే అమ్మమ్మ చేతికి రెండు బంగారు గాజులు వచ్చినాయి. చెనక్కాయలు బాగా పండిన ఒక ఏడాది, ఒకే కంసాలి దగ్గర, ఒకే రోజు చేయించుకున్న జత అది. ఒక్కొక్కటి సవర ఎత్తు. అమ్మమ్మ తర్వాత అవి అమ్మ చేతికి వచ్చినాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేమే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటు వచ్చినప్పుడు, స్కాలర్‌షిప్ చేతికి అందేలోపు కట్టవలసిన డబ్బు కోసం ఆ జతలో ఒక గాజు అమ్మవలసి వచ్చింది.

అంగడాయన గాజును నల్లరాయి మీద ఒక్కసారి గీసి చూసి, "పాత సరుకమ్మా, పద్దెనిమిదే పలుకుతుంది. తరుగు ఎనిమిది పోతుంది" అన్నాడు. తూకం 7.6 గ్రాములు. అమ్మ సరేనని తల ఊపింది. బయటికి వచ్చినాక "పద్దెనిమిదంటే ఏమి లెక్కమ్మా?" అని అడిగితే, "నాకేం తెలుసు నాయనా, ఆయప్ప చెప్పిందే లెక్క" అనింది. ఎమ్మెస్సీలో చేరబోతున్న మేము కూడా ఆ లెక్క అడగలేదు. సిగ్గు పడినాము. నగ అమ్ముకునే చోట నోరు విప్పడం అవమానమని అనుకున్నాము.

మన హాస్టల్లో చదివే పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ. కమ్మలు, గుండ్లు, పట్టీలు, మెట్టెలు ఫీజులుగా, బస్సు చార్జీలుగా మారుతుంటాయి. అందుకే ఈ సంచికలో పాత బంగారం, పాత వెండి చేతులు మారే తీరు గురించి, మేము ఆలస్యంగా నేర్చుకున్న లెక్క గురించి రాస్తున్నాము.

మనకు బంగారం ఎందుకు గట్టి మాట

మన పెద్దలకు బంగారం ఊరికే అలంకారం కాదు. ఎవరు ఏ నగ వేసుకోవాలో కులం నిర్ణయించిన కాలం మన దేశంలో ఉండింది. కేరళలో పులయ స్త్రీలు బంగారం, వెండి కాకుండా రాళ్ళ పూసల దండలే వేసుకోవాలని కట్టుబాటు ఉండేది. 1915లో కొల్లం దగ్గర పెరినాడులో అయ్యంకాళి నాయకత్వాన ఆ స్త్రీలు ఆ దండలను తెంపి పారేశారు. దాన్ని కల్లుమాల పోరాటం అంటారు. ఆ చరిత్ర తెలిసినప్పుడు, కూలి డబ్బుతో మా అమ్మమ్మ చేయించుకున్న సవర గాజు బరువు వేరుగా తోచింది. అట్లాంటిదాన్ని అమ్మవలసి వస్తే అమ్ముదాం, తప్పు లేదు. తెలియక పోగొట్టుకోవడమే తప్పు.

పాత బంగారం అనేది లేదు

కుండ పాతబడుతుంది, గుడ్డ పాతబడుతుంది. బంగారం పాతబడదు. అది తుప్పు పట్టదు, చిలుము పట్టదు, కరిగించిన ప్రతిసారీ మళ్ళీ కొత్తదే. పైగా భూమిలోంచి దాన్ని తీయడం మహా కష్టం. టన్నుల రాయి పగలగొడితే కొన్ని గ్రాములు దొరుకుతుంది. మనకు పక్కనే ఉన్న కోలారు బంగారు గనులను 1880లో జాన్ టేలర్ కంపెనీ పెద్ద ఎత్తున తవ్వడం మొదలుపెట్టింది. ఆ గనులను నడిపిన ప్రభుత్వ సంస్థకు మన కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తంలలో కూడా గనులు ఉండేవి. ఖర్చు గిట్టక 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూసేశారు. అంత కష్టపడి తీసిన లోహం కాబట్టి ఒకసారి పైకి వచ్చిన బంగారాన్ని ఎవరూ పారేయరు. ఈ రోజు అంగడిలో మెరిసే కొత్త గొలుసులో ఎవరి అవ్వ ముక్కుపుడక కలిసి ఉందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి నగను అమ్మేటప్పుడు పోయేది పనితనానికి ఇచ్చిన కూలి, కొన్నప్పుడు వేసిన తరుగు మాత్రమే. లోహం విలువ పోదు. "పాతది కదా" అని ఎవరైనా లోహం ధర తగ్గిస్తే ఆ మాటలో న్యాయం లేదు.

పాత నగలు ఏ దారిన వస్తాయి

అమెరికా, ఇంగ్లండు లాంటి దేశాల్లో శని, ఆదివారాల్లో ఇంటి ముందర పాత సామాన్లు పరిచి అమ్ముతారు. ఆ కుప్పల్లో గాజు పూసల మధ్య అసలు బంగారు ఉంగరమో, వెండి గరిటెలో వెతికి కొని, మళ్ళీ అమ్మి బతికేవాళ్ళు అక్కడ ఉన్నారు. మన వైపు ఆ పద్ధతి లేదు. మన దగ్గర ఆ పని వేరే చేతుల మీదుగా జరుగుతుంది.

మాతోపాటు హాస్టల్లో చదివిన ఒక మిత్రుడి నాన్న తిరుపతిలో పాత సామాను బండి తోలుతాడు. ఇనుము, ఇత్తడి, ప్లాస్టిక్, పుస్తకాలు కొంటాడు. ఒకసారి పాత గుండీలు, పగిలిన గాజులు ఉన్న రేకు డబ్బాలో ఆయనకు ఒక జత చెవి మాటీలు దొరికినాయి. రాయి మీద గీసి చూపిస్తే బంగారమే. ఆయన తిరిగి ఆ ఇంటికి పోయి, "ఇవి మీవేనామ్మా?" అని చూపించినాడు. ఆ ఇల్లాలు పోయినాయనుకున్న అత్తగారి మాటీలు అవి. "తెచ్చి ఇచ్చేస్తివే నాయనా, పిచ్చోడివా" అని మిత్రుడు అడిగితే, "ఆ వీధిలో పద్దెనిమిది ఇండ్లు రా. ఇప్పుడు ఆ పద్దెనిమిది ఇండ్ల సామానూ నాకే వేస్తారు" అన్నాడట. వ్యాపార శాస్త్రంలో పరపతి అంటారే, అది ఇదే.

రెండో దారి జరీ చీరలు. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధుల్లో అరుస్తూ వచ్చేవాళ్ళకు కావలసింది పట్టు కాదు, జరీ. అసలు జరీ అంటే పట్టుదారం మీద సన్నని వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. కంచి చీరల్లోను, వెంకటగిరి చీరల్లోను పూర్వం ఇదే వాడేవాళ్ళు. చీరను కాల్చి, బూడిదలోంచి వెండిని కరిగించి తీస్తారు. జరీని గోటితో గీరితే లోపల పట్టుదారం, సాధారణంగా ఎర్రది, కనిపిస్తే అసలుదని ఒక గుర్తు. ప్లాస్టిక్ పోగు కనిపిస్తే, రాగి తీగ కనిపిస్తే నకిలీ. అమ్మ పెళ్ళిచీర చినిగిపోయిందని ఒక స్టీలు గిన్నెకు ఇచ్చేసే ముందు అంచును ఒకసారి గీరి చూడండి.

మూడో దారి జలగడిగేవాళ్ళు. కంసాలి అంగళ్ళ ముందర తెల్లవారకముందే దుమ్ము ఊడ్చి, కాలువ బురద ఎత్తి, నీళ్ళల్లో జల్లించి రవ్వంత బంగారు పొడి తీసే కుటుంబాలు ఇవి. నాలుగోది కుదువ అంగళ్ళ, బ్యాంకుల వేలం. అప్పు కట్టని వాళ్ళ నగలు అక్కడ గుంపుగా అమ్ముడుపోతాయి. ఈ నాలుగు దారులూ చివరికి ఒకే చోట కలుస్తాయి. అది కరిగించే మూస. మూసలో పడినాక వంకీ, కాసుల పేరు అనే తేడా ఉండదు. ఎన్ని గ్రాముల మేలిమి అనే లెక్క ఒక్కటే మిగులుతుంది.

మూడు అంకెలు

ఆ లెక్కలో ఉండేవి మూడే అంకెలు. నికర తూకం, నాణ్యం, ఆ రోజు ధర. ఈ మూడింటినీ గుణిస్తే నగలోని లోహం విలువ వస్తుంది.

తూకం: మన వైపు సవర అంటే 8 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు. పాత కాగితాల్లో తులాలు ఉంటే సవర్లుగా పొరబడకూడదు. రాళ్ళు, లక్క, దారం తీసేసి మిగిలినది నికర తూకం. కొనేటప్పుడు రాళ్ళను కూడా బంగారం ధరకు తూచి, అమ్మేటప్పుడు మాత్రం తీసేయడం చాలాచోట్ల జరిగే పని. రెండుసార్లూ ఒకే పద్ధతి ఉండాలని అడగాలి.

నాణ్యం: మేలిమి బంగారాన్ని 24 పాళ్ళుగా లెక్కిస్తారు. అందులో 22 పాళ్ళు బంగారం, 2 పాళ్ళు రాగి, వెండి కలిస్తే 22 క్యారెట్. వెయ్యికి లెక్కిస్తే అదే 916. 18 క్యారెట్ అయితే 750, 14 క్యారెట్ అయితే 585. పాత నగల్లో నాణ్యం రకరకాలుగా ఉండడానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 14 క్యారెట్లకు మించిన నగలు చేయరాదని నిబంధన తెచ్చింది. ఎందరో కంసాలుల బతుకు దెబ్బతినడంతో కొన్నేళ్ళకు ఆ పట్టు సడలించారు. 1968లో వచ్చిన బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. హాల్‌మార్కు వచ్చింది 2000లో. అంతకుముందు చేసిన నగలకు కంసాలి నోటిమాటే ముద్ర.

ధర: పేపర్లో మేలిమి ధర, 22 క్యారెట్ ధర విడివిడిగా వేస్తారు. రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

ఒక లెక్క చూద్దాం. సులువు కోసం మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 16 గ్రాముల గొలుసు, అంటే రెండు సవర్లు, 916 నాణ్యం. అందులో మేలిమి 14.656 గ్రాములు. విలువ 1,46,560 రూపాయలు. అదే గొలుసును ఎవరైనా 20 క్యారెట్ అన్నారనుకోండి, విలువ 1,33,333కు దిగుతుంది. దాని మీద నూటికి 5 తరుగు తీస్తే 1,26,667. రెండు చిన్న మాటలతో 19,893 రూపాయలు పోయినట్టు. కొనేవాడికి కరిగించే ఖర్చు, కొంత లాభం ఉండడం న్యాయమే. దాన్ని దాచకుండా చెప్పి తీసుకోవాలి. నాణ్యం తగ్గించి చెప్పి తీసుకోకూడదు.

పరీక్షలు నాలుగు

గీటురాయి: నగను నల్లరాయి మీద గీస్తారు. పక్కన నాణ్యం తెలిసిన మచ్చు పుల్లలతో గీస్తారు. మీద నత్రికామ్లం చుక్క వేస్తే రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది. ఏ గీత ఏ మచ్చుతో పోలుతుందో చూసి నాణ్యం చెబుతారు. అనుభవం ఉన్న కంటికి ఇది బాగానే పలుకుతుంది. కానీ పక్కన మచ్చు గీత గీయకుండా, ఆమ్లం వేయకుండా ఒక్క గీతతో తేల్చేస్తే దాన్ని పరీక్ష అనరు.

నీటి పరీక్ష: ఇది మన ఇంటర్ ఫిజిక్సులోని ఆర్కిమెడిస్ సూత్రమే. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయాలి. నగను దారానికి కట్టి, అడుగుకు, గోడకు తగలకుండా నీళ్ళల్లో ముంచాలి. త్రాసు చూపే అంకె నగ తొలగించిన నీటి బరువు. నగ బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలిమికి 19.3, వెండికి 10.5, ఇత్తడికి ఎనిమిదిన్నర దరిదాపు. 22 క్యారెట్ నగకు 17.5 నుంచి 18 లోపల, 18 క్యారెట్‌కు 15 నుంచి 16 లోపల వస్తుంది. రాళ్ళు, లక్క, బోలుగుండ్లు ఉన్న నగలకు ఇది పనికిరాదు. మరీ తేలికైన ముక్కుపుడకకు కూడా నమ్మలేము.

ఎక్స్‌రే యంత్రం: దీన్ని అంగళ్ళలో క్యారెట్ మీటర్ అంటారు. నగను కోయకుండా, కరిగించకుండా నిమిషంలో ఏ లోహం ఎంత ఉందో చూపిస్తుంది. అయితే అది పైపొరనే చూస్తుంది. పూత మందంగా ఉంటే మోసపోతుంది.

పుటం పరీక్ష: అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. చిన్న ముక్క తీసి, వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిద లాంటి పదార్థంతో చేసిన చిన్న మూసలో కాలుస్తారు. సీసం, రాగి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసను నత్రికామ్లంలో వేస్తే వెండి కరిగి బంగారం ఒక్కటే మిగులుతుంది. దాన్ని తూచి నాణ్యం లెక్కిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నగలకు మెరుగు పెడతామని వీధిలో వచ్చేవాళ్ళలో కొందరు మోసగాళ్ళు రాజద్రావకం వాడతారు. మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిస్తే అది బంగారాన్ని కూడా కరిగిస్తుంది. నగ తళతళలాడుతూ తిరిగి వస్తుంది, కొంత బంగారం వాళ్ళ గిన్నెలో మిగిలిపోతుంది. అట్లాగే పాత కంప్యూటర్ల బోర్డుల్లో బంగారం ఉందని విని ఇంట్లో ఆమ్లాలతో ప్రయోగాలు చేయవద్దు. వచ్చేది రవ్వంత, ఊపిరితిత్తులకు నష్టం కొండంత.

ముద్రలు చదవడం

2021 జూన్ 16 నుంచి బంగారు నగలకు హాల్‌మార్కును దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అంగడివాళ్ళు అమ్మే హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన ప్రత్యేక గుర్తు, అంటే హెచ్‌యూఐడీ ఉండాలి. బీఐఎస్ ముద్ర, నాణ్యం అంకె, ఈ గుర్తు కలిపి మూడు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో ఆ గుర్తు కొడితే ఏ అంగడివాళ్ళు ముద్ర వేయించారు, ఎక్కడ పరీక్ష చేశారు, నాణ్యం ఎంత అన్నది వస్తుంది. ముద్ర ఉన్నా నాణ్యం తక్కువని తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కలిపి కొన్నవాళ్ళకు ఇవ్వాలని 2018 బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి.

మరి మన అమ్మల దగ్గర ఉన్న ముద్ర లేని నగల సంగతి? అవి ఉంచుకోవచ్చు, అమ్మవచ్చు, అంగడివాళ్ళు కొనవచ్చు. ముద్ర లేదని ధర తగ్గించడానికి నియమమేమీ లేదు. ఎవరైనా సరే తమ పాత నగను బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్ష కేంద్రానికి తీసుకుపోయి నాణ్యం చూపించుకోవచ్చు. 2022లో ప్రకటించిన ప్రకారం నాలుగు నగల వరకు 200 రూపాయలు, అయిదు లేదా అంతకు మించితే ఒక్కో నగకు 45 రూపాయలు రుసుము. రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారు. దగ్గరలో ఏ కేంద్రం ఉందో బీఐఎస్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మనం సొంత నగ అమ్మితే మన మీద జీఎస్టీ పడదని కేంద్ర ఆర్థిక శాఖ 2017 జూలైలోనే స్పష్టం చేసింది. ఆ పేరుతో ఎవరైనా కోత వేస్తే ఒప్పుకోకండి.

వెండికి హాల్‌మార్కు 2005లో మొదలైంది. మేలురకం వెండికి 925 అని గుర్తు. మనం కొనే పట్టీలు, మొలతాళ్ళలో చాలావాటికి ఆ పాళ్ళు ఉండవు. అందుకే అమ్మబోతే సగానికి సగం అంటారు. జర్మన్ సిల్వర్ అనే దాంట్లో వెండి అసలే లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం.

మళ్ళీ అమ్మి సంపాదించాలనుకుంటే

పాత సామాను కొనే కుటుంబాల నుంచి వచ్చిన తమ్ముళ్ళు మన హాస్టల్లో ఉన్నారు. ఇది గౌరవమైన పనే. మూడు విషయాలు మాత్రం గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఎవరు అమ్మారో రాసుకోవాలి. దొంగ సొత్తని తెలిసో, అనుమానించదగిన కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. పేరు, ఊరు, తేదీ, తూకం రాసిన ఒక నోటు పుస్తకమే మనకు కవచం. బీదవాడి మీద అనుమానం ముందు పడుతుంది కాబట్టి బీదవాడే ముందు రాసుకోవాలి.

రెండు, భూమిలో దొరికినది మనది కాదు. లంకెబిందెల కథలు మన సీమలో జాస్తి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. తెలిపినవాడికి చట్టప్రకారం వాటా వస్తుంది, దాచినవాడికి శిక్ష.

మూడు, అన్నింటినీ మూసలో వేయకూడదు. పాత నాణేలు, పాతకాలపు పనితనం ఉన్న నగలు లోహం ధరకు మించి పలకవచ్చు. కరిగించే ముందు తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించాలి.

అమ్మాలా, కుదువ పెట్టాలా

నాలుగైదు నెలల్లో డబ్బు వచ్చే దారి ఉంటే, అంటే స్కాలర్‌షిప్పో పంటో రాబోతుంటే, అమ్మడం కంటే బ్యాంకులో కుదువ పెట్టడం మేలు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలను 2026 ఏప్రిల్ 1 లోపు అమలు చేయాలన్నారు. వాటి ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. నాణ్యం చూసేటప్పుడు నగ సొంతదారు ఎదుట ఉండాలి. మొత్తం తూకం, నికర తూకం, నాణ్యం, తీసివేతలు రాసిన పత్రం ఇవ్వాలి. ఆ పత్రంలో ఉండే నాలుగు వివరాలే మనం ఏ అంగడిలోనైనా అడగవలసిన నాలుగు ప్రశ్నలు.

దేవుడి బంగారానికీ రశీదు ఉంది

తిరుమలకు వచ్చే భక్తులు కొందరు నిలువుదోపిడీ మొక్కుకుంటారు. ఒంటి మీద ఉన్న నగలన్నీ హుండీలో వేసి పోతారు. అట్లా వచ్చిన రకరకాల నాణ్యాల నగలను ముంబయిలోని ప్రభుత్వ టంకశాలకు పంపి, కరిగించి, మేలిమి ఎంతో తేల్చి, బ్యాంకుల్లో డిపాజిట్ చేస్తూ వచ్చారు. 2016లో ఒక బ్యాంకులో పెట్టిన 1,311 కిలోలు 2019 ఏప్రిల్‌లో వడ్డీతో కలిపి 1,381 కిలోలుగా తిరిగి వచ్చింది. గ్రాము దాకా తూకం, నాణ్యం, తేదీ అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఏడుకొండలవాడి బంగారానికే రశీదు ఉన్నప్పుడు, కూలి చేసుకునే అమ్మ గాజుకు రశీదు అడగడానికి మనమెందుకు సిగ్గుపడాలి? ఇష్టపడి ఇస్తే అది మొక్కు. తెలియక పోగొట్టుకుంటే అది ఒట్టి దోపిడీ.

రెండో గాజు

ఇప్పుడు మా ఇంటి కథ ముగించాలి. పోయిన ఏడాది చెల్లెలికి నర్సింగులో సీటు వచ్చింది. రెండో గాజు బయటికి తీయవలసి వచ్చింది. ఈసారి మేము ముందు ఇంట్లోనే నీళ్ళ గ్లాసులో ముంచి చూసినాము. బరువు 7.6, తొలగిన నీరు 0.44. భాగిస్తే 17.27. పద్దెనిమిది క్యారెట్‌కు రావలసిన దానికంటే చాలా ఎక్కువ. తర్వాత పరీక్ష కేంద్రానికి తీసుకుపోతే రిపోర్టులో 890 అని వచ్చింది. అంటే 21 క్యారెట్ పైచిలుకు.

ఒకే కంసాలి, ఒకే రోజు చేసిన జత. రెంటికీ కొంచెం తేడా ఉండవచ్చు, కాదనము. అయినా మొదటి గాజు లెక్క వేసి చూసుకున్నాము. 890 చొప్పున అందులో మేలిమి 6.76 గ్రాములు ఉండాలి. 750 అని, పైన 8 తరుగు అని మాకు కట్టి ఇచ్చింది 5.24 గ్రాములకు. గ్రామున్నర మేలిమి మా చేతిలోంచి జారిపోయింది. ఎవరినీ తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

రెండో గాజు అమ్మడానికి అమ్మే ముందు నడిచింది. రిపోర్టు కాగితాన్ని కొంగులో మడిచి పెట్టుకుంది. మొదటి అంగడిలో "ఈ కాగితాలు మేము చూడమమ్మా" అన్నారు. "అట్లయితే సరే అన్నా, పోయొస్తాం" అని లేచి వచ్చేసింది. రెండో అంగడిలో రిపోర్టు చూసి, తమ యంత్రంలోను పెట్టి చూసి, 890కే లెక్క కట్టి, కరిగించే ఖర్చు ఎంతో చెప్పి, బిల్లు ఇచ్చారు. అమ్మకు చదువు రాదు. ఆ బిల్లును మా చేతికిచ్చి, "తూకం ఎంత రాసినాడు, నాణ్యం ఎంత రాసినాడు, చదువు నాయనా" అనింది. చదివి వినిపించినాము. విన్న తర్వాతే అంగడి మెట్లు దిగింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి నగ పేరు, తూకం, ఎప్పుడు చేయించినది, ముద్ర ఉందా లేదా అని అమ్మను అడిగి రాయండి. ఒకటే ముక్కుపుడక ఉన్నా రాయండి. అవసరం వచ్చిన రోజు ఆ కాగితం మన పక్కన నిలబడుతుంది. మనం చదివిన చదువు మొట్టమొదట అక్కరకు రావలసింది మన ఇంటికే.